టైరు అరుగుదల ఇంటి దగ్గరే ఎలా చూసుకోవాలి, ఎప్పుడు మార్చేయాలి

పోయిన వానాకాలం ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్తుంటే సూర్యాపేట దాటాక ముందు ఎడమ చక్రం గాలి దిగిపోయింది. స్టెప్నీ వేసుకుని దగ్గర్లో ఉన్న పంక్చర్ షాపుకి పోయాం, మేకు ఏదో గుచ్చుకుని ఉంటుందిలే అనుకున్నా. షాపు తమ్ముడు చక్రాన్ని లోపలి వైపుకి తిప్పి "అన్నా, ఇటు చూడు" అన్నాడు. బయటి నుంచి చూస్తే ఇంకో ఏడాది గ్యారంటీగా వస్తుంది అనిపించే టైరు, లోపలి అంచున రెండు వేళ్ల వెడల్పున గుండు అయిపోయి ఉంది, రబ్బరు మొత్తం పోయి తీగలు బయటికొచ్చాయి, వేలు పెడితే తుమ్మముల్లు గుచ్చుకున్నట్టు గుచ్చుకున్నాయి. వెనక సీట్లో మా అమ్మ, పిల్లలు. కారు కడిగిన ప్రతిసారీ ఆ టైరు చూస్తూనే ఉన్నా, కానీ చూసిందంతా బయటి అంచే.

అప్పట్నుంచి నెలకోసారి నేనే కూర్చుని నాలుగు టైర్లు, స్టెప్నీ చూసుకుంటున్నా. పావుగంట పని, మెకానిక్ అక్కర్లేదు. ఎలా చూస్తున్నానో మొత్తం చెప్తాను, మీరు కూడా ఈ ఆదివారమే ఒకసారి చేసి చూడండి.

ముందు బండిని సిద్ధం చేసుకోవడం

పొద్దున్నే, బండి ఇంకా తీయకముందు చూడాలి. రాత్రంతా ఆగి ఉంటే టైరు చల్లగా ఉంటుంది, అప్పుడు చూసిన గాలే అసలు లెక్క. సమానంగా ఉన్న చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టండి. స్టీరింగ్‌ని పూర్తిగా ఒక వైపుకి తిప్పేయండి, ముందు టైరు ముఖం బయటికి తిరిగి అడ్డంగా మొత్తం కనపడుతుంది, లోపలి అంచుతో సహా. తర్వాత రెండో వైపుకి తిప్పి ఇంకో టైరు. వెనక టైర్లు ఇలా తిరగవు కాబట్టి కింద గోనె సంచి వేసుకుని వంగి, ఫోన్ లైటు వేసి, వెనక బంపర్ కింద నుంచి చూడాలి. వంగలేని పెద్దవాళ్లు ఫోన్‌ని వీడియోలో పెట్టి చెయ్యి మాత్రం లోపలికి పోనిస్తే చాలు, తర్వాత కుర్చీలో కూర్చుని చూసుకోవచ్చు. మా నాన్నగారు అలాగే చేస్తారు.

గాడుల్లో ఇరుక్కున్న కంకర రాళ్లని పాత స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తీసేయండి. మేకు గానీ స్క్రూ గానీ దిగి ఉంటే మాత్రం ఇంటి దగ్గర పీకొద్దు, పీకిన వెంటనే గాలి పోతుంది, అలాగే మెల్లగా షాపు దాకా తీసుకెళ్లండి.

అరుగుదల గుర్తు ఎక్కడుంటుంది

టైరు చుట్టూ ఉండే పెద్ద గాడుల్లో వేలు పెట్టి తడుముకుంటూ పోతే అక్కడక్కడా గాడి అడుగున చిన్న గట్టు తగులుతుంది. పొలంలో రెండు మడుల మధ్య గట్టు ఎలా ఉంటుందో అచ్చం అలాగే అడ్డంగా ఉంటుంది. దాన్నే ట్రెడ్ వేర్ ఇండికేటర్ అంటారు. తొందరగా దొరకాలంటే టైరు భుజం మీద, అంటే నడిచే ముఖం పక్క గోడ కలిసే అంచున, టి.డబ్ల్యూ.ఐ. అనే అక్షరాలో చిన్న త్రికోణమో ఉంటుంది, దానికి సూటిగా లోపలికి చూస్తే గట్టు అక్కడే. కారు టైర్లలో దాని ఎత్తు 1.6 మి.మీ. పైన ఉన్న రబ్బరు అరిగి అరిగి ఆ గట్టుకి సమానం అయిపోయిందంటే ఆ టైరు పని అయిపోయినట్టే. మన కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో కూడా కార్లకి 1.6 మి.మీ., టూవీలర్, త్రీవీలర్లకి 0.8 మి.మీ. కంటే లోతు తగ్గకూడదనే ఉంది.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. 1.6 అనేది చట్టం ఒప్పుకునే ఆఖరి గీత, అంతేగానీ అక్కడి దాకా నడిపితే పర్లేదు అని కాదు. గాడులు ఉన్నదే టైరు కింద నీళ్లని పక్కకి తోసేయడానికి, పొడి రోడ్డు మీద వాటి అవసరం తక్కువ, నీళ్లు నిలిచిన రోడ్డు మీద ప్రాణం మొత్తం వాటి మీదే. లోతు తగ్గితే నీళ్లు పోయే దారి లేక టైరు నీళ్ల మీద తేలుతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది, బ్రేక్ తొక్కినా బండి మన మాట వినదు. అందుకే నేను 3 మి.మీ. దగ్గరే ఆపేస్తా. హైవే మీద, ఔటర్ రింగ్ రోడ్డు మీద రెగ్యులర్‌గా తిరిగే వాళ్లు ఎవరైనా సరే ఇదే లెక్క పెట్టుకోండి. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపడం, కూరగాయలు తేవడం వరకే బండి తీసేవాళ్లైనా ఇండికేటర్ దాకా రానివ్వకండి.

లోతు కొలవడం

డెప్త్ గేజ్ అని చిన్న సాధనం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, పెద్ద ఖరీదేం కాదు, ఒకటి కొని డాష్‌బోర్డులో పడేసుకోండి. లేకపోతే అగ్గిపుల్ల, పిల్లల స్కేలు చాలు. అగ్గిపుల్లని మందు లేని వైపు నుంచి గాడిలోకి నిలువుగా దించి, పైన రబ్బరుకి సమానంగా గోరు పెట్టి పట్టుకుని, బయటికి తీసి స్కేలు మీద పెట్టండి. స్కేలు మొదట్లో సున్నాకి ముందు ఖాళీ ఉంటుంది చూడండి, దాన్ని కలిపి చూస్తే లెక్క తప్పుతుంది. పుల్ల ఇండికేటర్ గట్టు మీద ఆనకుండా చూసుకోండి, చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఒక్క చోట కొలిచి వదిలేయకూడదు. అడ్డంగా మూడు చోట్ల, అంటే బయటి గాడి, మధ్య గాడి, లోపలి గాడి. బండిని కొంచెం ముందుకి జరిపి మళ్లీ ఆ మూడూ, ఇంకోసారి జరిపి మళ్లీ. ఒక టైరుకి తొమ్మిది కొలతలు వస్తాయి. అన్నిట్లోకీ తక్కువ వచ్చిందే ఆ టైరు లోతు, సగటు తీయకండి. నా టైరు ఆ రోజు బయటి వైపు కొలిస్తే 4 పైనే ఉండేది, లోపల సున్నా. సగటు తీస్తే బ్రహ్మాండంగా ఉన్నట్టే లెక్క వచ్చేది.

కొలతలు ఫోన్‌లో కిలోమీటర్ రీడింగ్‌తో పాటు రాసి పెట్టుకోండి, ఎందుకంటే దాంతో ఇంకెన్నాళ్లు వస్తుందో తెలిసిపోతుంది. కొత్త కారు టైరు లోతు మామూలుగా 7, 8 మి.మీ. మధ్యలో ఉంటుంది. మీ టైరు కొత్తప్పుడు ఎంతో తెలీకపోతే డిక్కీలో ఎప్పుడూ వాడని స్టెప్నీ ఉంటుంది కదా, అదే కంపెనీ అదే సైజు అయితే దాన్ని కొలవండి, అదే మీ కొత్త లెక్క. ఉదాహరణకి కొత్తప్పుడు 8, ఇప్పుడు 28,000 కి.మీ. తిరిగాక 4.5 ఉంది అనుకోండి. 3.5 మి.మీ. అరిగింది, అంటే 8,000 కి.మీ.కి ఒక మిల్లీమీటరు. 3 దాకా రావడానికి ఇంకా 1.5 ఉంది, అంటే సుమారు 12,000 కి.మీ. ఇప్పుడే డబ్బులు పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టొచ్చు, ఒకేసారి మీద పడదు.

టైరు ఎలా అరిగిందో చూస్తే బండి రోగం తెలుస్తుంది

అసలు విషయం ఇది, దీనికి కొంచెం ఓపిక పెట్టండి. ఎంత అరిగింది అనే దానికంటే ఎక్కడ అరిగింది అన్నది ముఖ్యం, ఎందుకంటే కారణం పట్టుకోకుండా కొత్త టైర్లు వేస్తే అవి కూడా అలాగే పోతాయి.

మధ్యలో ఎక్కువ అరిగి రెండు అంచులు బాగుంటే గాలి ఎక్కువ పెట్టి నడుపుతున్నారన్నమాట. రెండు అంచులు అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువ. ఈ రెండోదే మన దగ్గర ఎక్కువ చూస్తాం, దానికో కారణం ఉంది, ఎండాకాలం గాలి తక్కువ పెట్టించాలి లేకపోతే టైరు పేలిపోతుంది అనే నమ్మకం ఇంటింటా ఉంది. ఇది తప్పండీ, చాలా ప్రమాదకరమైన తప్పు. గాలి తక్కువైతే టైరు పక్క భాగం తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతుంది, వంగి లేచి వంగి లేచి లోపల వేడి పుడుతుంది, దాంతోనే టైర్లు ఎక్కువ పేలేది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా కంపెనీ చెప్పిన గాలే పెట్టాలి. అది డ్రైవర్ డోరు తెరిస్తే ఫ్రేమ్ మీద స్టిక్కర్‌లో ఉంటుంది, ఐదుగురు ఎక్కి డిక్కీ నిండా సామాను పెడితే ఎంత ఉండాలో కూడా అక్కడే వేరుగా రాసి ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసి ఉండే మ్యాక్స్ ప్రెషర్ అంకె వేరు, దాన్ని చూసి గాలి కొట్టించొద్దు. దూరం నడిపి వచ్చాక చూస్తే గాలి నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపించొచ్చు, వేడికి అది మామూలే, తీసేయొద్దు.

ఒక్క అంచే అరిగితే, నాకైనట్టు, అది అలైన్‌మెంట్ తేడా. గుంటలో దబ్‌మని పడినా, పార్కింగ్‌లో ఫుట్‌పాత్ అంచుకి గట్టిగా తగిలినా చక్రం కోణం మారిపోతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా బండి ఒక వైపుకి లాగుతున్నా, తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ వంకరగా ఉన్నా అదే లక్షణం. నాది మాత్రం ఏ వైపుకీ లాగలేదు, అందుకే రెండేళ్లు పట్టించుకోలేదు, కాబట్టి లాగట్లేదు కదా అని ధీమాగా ఉండొద్దు. 10,000 కి.మీ.కి ఒకసారి అలైన్‌మెంట్ చూపించుకోండి.

ఇప్పుడు కళ్లు మూసుకుని అరచేతిని టైరు మీద అడ్డంగా ఒకసారి బయటి నుంచి లోపలికి, ఒకసారి లోపలి నుంచి బయటికి పోనివ్వండి, తీగలు బయటపడలేదని ముందే చూసుకున్నాకే సుమా. ఒక వైపుకి నున్నగా పోయి రెండో వైపుకి రంపం పళ్లలా తగులుతుంటే అది కూడా అలైన్‌మెంటే. చుట్టూ పోనిస్తే ఎత్తు పల్లాలుగా, చపాతీ పిండిని వేళ్లతో నొక్కినట్టు గుంటలు గుంటలుగా తగిలితే షాక్ అబ్జార్బర్లు అయిపోయి ఉండొచ్చు, లేదా బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండటం, పోయి ఉండొచ్చు. అలాంటి టైరు 60, 70 స్పీడులో గూ..య్ మని ఒకటే హోరు పెడుతుంది, బేరింగ్ పోయిందేమో అని కొందరు అది మార్పించేస్తారు, ముందు టైరు తడిమి చూడండి.

పక్క గోడలు

గాడులు నిండుగా ఉన్నా పక్కన దెబ్బతింటే టైరు పనికిరాదు. పక్కన ఎక్కడైనా నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తే లోపల దారాలు తెగి గాలి అక్కడికి తోసుకొచ్చిందని. దానికి రిపేరు లేదు, ఊళ్లో తిరగడానికే కదా అని కూడా వద్దు, వెంటనే స్టెప్నీ వేసేయండి. దారాలు కనిపించేంత కోత పడినా అంతే.

పంక్చర్ కూడా టైరు నడిచే ముఖం మీద పడితేనే వేయించుకోవాలి, భుజం మీద గానీ పక్క గోడ మీద గానీ పడితే ప్లగ్ నిలవదు. షాపులో "వేసేస్తా సార్, ఏం కాదు" అంటారు, మనమే వద్దనాలి. ఇంకోటి, ఈ మధ్య పంక్చర్లు పదే పదే పడుతున్నాయి అంటే రోడ్డు మీద మేకులు పెరగలేదు, రబ్బరు పలచబడింది.

టైరు వయసు

చాలామంది ఇళ్లల్లో కారు నెలకి రెండుసార్లు తీస్తారు, పండక్కి ఊరెళ్లినప్పుడు మాత్రం ఒకేసారి 400 కి.మీ. నడుపుతారు. వాళ్ల టైర్లకి గాడులు అరగవు, వయసు అయిపోతుంది. పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి, 3219 అంటే 2019లో 32వ వారంలో తయారైంది అని. ఆ నాలుగంకెలు ఒక వైపే ఉండొచ్చు, బయట కనపడకపోతే లోపలి వైపు చూడండి. ఐదేళ్లు దాటితే ఏడాదికోసారి తెలిసినవాళ్లకి విప్పించి చూపించాలి, పదేళ్లు దాటితే కొత్తగా కనిపించినా తీసేయాలి అని టైరు కంపెనీలే చెప్తాయి. మన ఎండలకి, అందులోనూ బయట ఎండలో పార్క్ చేసే బండికి, నేనైతే ఆరేళ్లకే మార్చేస్తా. రబ్బరు మీద ఎండిన చెరువు మట్టిలా సన్న పగుళ్లు వచ్చాయంటే ఆరేళ్లు కూడా ఆగొద్దు.

స్టెప్నీకి కూడా వయసు ఉంటుంది, మర్చిపోకండి. ఈ స్టెప్నీ అనే మాట వేల్స్‌లో లనెలీ అనే ఊళ్లోని స్టెప్నీ వీధి నుంచి వచ్చింది, 1904లో అక్కడ స్పేర్ చక్రాలు తయారు చేయడం మొదలెట్టారు, మనం ఇంకా ఆ వీధి పేరే వాడుతున్నాం. దాంట్లో గాలి కూడా నెలకోసారి చూడండి, అవసరం పడిన రోజు గాలి లేకపోతే అది ఉండి లేనట్టే.

బైకులు, స్కూటర్లు

బైకుకి సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ చూడండి, వేళ్లు చైన్‌కి దూరంగా పెట్టుకోండి. తిన్నటి రోడ్ల మీద తిరిగే బైకులకి వెనక టైరు నడుమ బల్లపరుపు అయిపోతుంది, పక్కల గాడులు మాత్రం కొత్తవాటిలా ఉంటాయి, వాటిని చూసి మోసపోకండి, నడుమే కొలవాలి. అలా చదునైన టైరుతో మలుపులో వాలిస్తే అంచు దగ్గర బండి తటాలున పడబోతున్నట్టు అనిపిస్తుంది. చట్టం 0.8 దాకా ఒప్పుకుంటుంది, కానీ రెండు చక్రాల మీద జారితే ఆపడానికి ఇంకో చక్రం లేదు, 2 మి.మీ. దగ్గరే మార్చేయండి. ముందు టైరు మెల్లగా అరుగుతుందని దాన్ని అసలు చూడని వాళ్లున్నారు, బైకులో బ్రేక్ బలం ఎక్కువ ఉండేది ముందే.

ఇక ఎప్పుడు మార్చాలి

తీగ కనిపించినా, ఉబ్బు వచ్చినా ఈరోజే. ఎక్కడో ఒక్క చోటైనా సరే ఇండికేటర్‌కి సమానం అయితే ఈ వారంలోనే. 3 మి.మీ. దగ్గరికొచ్చి ఉంటే మృగశిర కార్తె లోపు, అంటే జూన్ మొదటి వారం దాటకుండా. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకి అసలు వానలు అక్టోబర్ నుంచి కదా, మీరు దసరా లోపు పెట్టుకోవచ్చు. తొలకరి చినుకులప్పుడు ఇంకా జాగ్రత్త, ఎండాకాలం అంతా రోడ్డు మీద పేరుకున్న ఆయిల్, దుమ్ము తడిసి సబ్బులా అవుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ 1.6 మి.మీ. గీతే 2/32 అంగుళం అని రాసి ఉంటుంది. అక్కడ పెన్నీని తలకిందులుగా గాడిలో పెట్టి చూస్తారు, లింకన్ తల మొత్తం బయటికి కనిపిస్తే టైరు అయిపోయినట్టు. క్వార్టర్‌తో చూస్తే వాషింగ్టన్ తల దగ్గర 4/32 అవుతుంది, అంటే మనం చెప్పుకున్న 3 మి.మీ.కి దగ్గర, వానకి క్వార్టర్ లెక్కే పెట్టుకోండి.

కొత్తవి కొనేటప్పుడు

పాత టైరు మీద ఉన్న సైజే అడగండి. 185/65 ఆర్15 88హెచ్ అని ఉంటే చివరి 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని, హెచ్ అంటే గంటకి 210 కి.మీ. వేగం దాకా అని. ఆ రెండూ పాతదానికంటే తగ్గకూడదు. ఐఎస్ఐ మార్కు, తయారీ వారం మీరే చూసుకోండి, ఏడాది దాటిన స్టాకు అయితే వేరేది తెమ్మనండి, మొహమాటపడకండి.

రోడ్డు పక్కన సగం ధరకి అమ్మే సెకండ్ హ్యాండ్ టైర్ల జోలికి మాత్రం పోవద్దు. అరిగిపోయిన టైరుకి వేడి బ్లేడుతో కొత్తగా గాడులు కోసి, నల్ల రంగు పూసి పెడతారు, చూడ్డానికి నిగనిగలాడుతుంది, కానీ ఆ కోసిన గాడి కింద తీగకీ రోడ్డుకీ మధ్య రబ్బరే ఉండదు. గుర్తుపట్టడం తేలికే, గాడి అడుగున ఇండికేటర్ గట్లు ఉండవు, కోసేటప్పుడు అవి కూడా పోతాయి. మీ పాత టైర్లు కూడా అలా ఇంకొకరి బండికి ఎక్కకూడదంటే షాపులో వదిలే ముందు పక్క గోడ కోయించేయండి.

రెండే కొనగలిగితే ఒకే యాక్సిల్‌కి జతగా వేయించి, ఆ కొత్తవి వెనక పెట్టించండి. ముందు చక్రాలే కదా లాగేది, కొత్తవి ముందు వేద్దాం అంటారు షాపులో. ముందు టైర్లు జారితే కాలు తీసి స్టీరింగ్‌తో ఎంతో కొంత సర్దుకోవచ్చు, తడి రోడ్డు మీద వెనక జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, ఎంత అనుభవం ఉన్న డ్రైవరుకైనా కష్టమే.

టైర్ మీద బాణం గుర్తు ఉంటే అది తిరిగే దిక్కుకి ఉందో లేదో, ఔట్‌సైడ్ అని ఉన్న ముఖం బయటికే ఉందో లేదో బిగించాక నిలబడి చూడండి. వాల్వులు కొత్తవి వేయమనండి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండూ అదే రోజు చేయించి అలైన్‌మెంట్ రిపోర్టు చేతికి తీసుకోండి. నైట్రోజన్ కొట్టిస్తారా అని అడుగుతారు, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, నెలనెలా గాలి చూసుకునేవాళ్లకి దాంతో పెద్ద తేడా ఏం రాదు.

మొదటి 200, 300 కి.మీ. మెల్లగా నడపండి, కొత్త రబ్బరు మీద ఉండే నునుపు పోయేదాకా పట్టు సరిగ్గా దొరకదు. 100 కి.మీ. తిరిగాక వీల్ స్పానర్ తీసుకుని నట్లన్నీ ఎదురెదురు వరసలో ఒకసారి బిగుతు చూడండి. ఆ రోజే తయారీ వారం, కిలోమీటర్ రీడింగ్, మొదటి తొమ్మిది కొలతలు ఫోన్‌లో రాసేసుకోండి, వచ్చే నెల అగ్గిపుల్ల పట్టుకుని కూర్చున్నప్పుడు పోల్చి చూసుకోవడానికి పక్కన ఉంటాయి.